చివరి కరెంటు తరువాతి రెండు వారాలు: రొమ్ము కేన్సర్ రేడియేషన్‌లో చర్మాన్ని కాపాడుకొనే విధానం

రొమ్ము కేన్సర్‌కు ఇచ్చే రేడియేషన్ చికిత్సను మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో చాలామంది "కరెంటు పెట్టడం" అనే అంటారు. విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రుల్లోనైనా, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని నాట్కో కేన్సర్ కేంద్రంలోనైనా, వరండాలో వరుసగా కూర్చున్న ఆడవాళ్లు ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న "ఇంకా ఎన్ని కరెంట్లున్నాయి?" అన్నదే. ఆ లెక్క పూర్తయిన రోజుతో చికిత్స ముగుస్తుంది గాని, చర్మంలో మొదలైన మార్పు ఆ రోజుతో ఆగదు. చాలామందికి చర్మం ఎక్కువగా బాధపెట్టేది చివరి సిట్టింగు, అంటే చివరి కరెంటు నాడు కాదు. ఆ తరువాత వారం, పది రోజులకు, అంటే ఇంటికి వెళ్లిపోయి, రోజూ చూసే నర్సు గాని, టెక్నీషియన్ గాని ఎదురుగా లేనప్పుడు. కాబట్టి ఆ రెండు వారాలకు కావలసిన ఏర్పాట్లన్నీ చివరి వారంలోనే చేసుకోవాలి.

ఈ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. మా వదినది తెనాలి దగ్గర పల్లెటూరు. ఎండాకాలంలో రోజూ ప్రయాణం కష్టమని, చికిత్స పూర్తయ్యే వరకు విజయవాడలో మా ఇంట్లోనే ఉంది. మొత్తం రొమ్ముకు 15 సిట్టింగులు, ఆపరేషన్ చేసిన చోటికి అదనంగా 5, కలిపి 20. చివరి రోజు వరకు చర్మం నల్లబడి కాస్త గరుకుగా ఉండడం తప్ప చెప్పుకోదగ్గ బాధ లేదు. ఆసుపత్రిలో కాగితాలు చేతికిచ్చి ఆరు వారాల తరువాత రమ్మన్నారు. ఇంటికి వెళ్లాక చర్మం ఇంకా కమలవచ్చునని ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. నాలుగో రోజు సాయంత్రం జాకెట్ విప్పబోతే రొమ్ము కింది మడతలో గుడ్డ అంటుకుపోయి ఉంది. ఆమె కళ్లు మూసుకొని ఒక్క లాగు లాగింది. గుడ్డతోపాటు రూపాయి బిళ్లంత మేర పలుచని పొర ఊడివచ్చింది. ఆ కింద చర్మం గులాబీ రంగులో, తడిగా, మెరుస్తూ ఉంది. ఆ రాత్రి వెన్న రాయమని ఒకరు, పసుపు అద్దమని ఇంకొకరు ఫోనులో చెబుతూ ఉంటే ఏది మంచిదో తెలియక మేమిద్దరం తెల్లవారేదాకా కూర్చున్నాం. ఆ తరువాత డాక్టరు దగ్గర, నర్సుల దగ్గర నేర్చుకొన్నదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీ డాక్టరు మీ చర్మాన్ని చూసి చెప్పిన మాటకు, ఇక్కడ రాసినదానికి తేడా ఉంటే డాక్టరు మాటే పాటించండి.

చర్మం ఎందుకు ఆలస్యంగా కములుతుంది

చర్మపు పై పొరకు అడుగున కొత్త కణాలు నిత్యం పుడుతూ, మెల్లగా పైకి జరుగుతూ, చివరకు పొట్టుగా రాలిపోతూ ఉంటాయి. ఈ ప్రయాణానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. రేడియేషన్ దెబ్బ ప్రధానంగా అడుగున విభజన చెందే కణాలకు తగులుతుంది. పైనున్న పాత కణాలు మామూలుగానే రాలిపోతూ ఉంటే వాటి స్థానంలోకి రావలసినవి తగినన్ని పుట్టవు. అందుకే మొదటి వారంలో ఏమీ కనబడదు. రెండు మూడు వారాలు గడిచాక ఎరుపు, నలుపు, దురద మొదలవుతాయి. మూడు వారాల్లో ముగిసే 15 సిట్టింగుల పద్ధతిలో చికిత్స అయిపోయాక గాని చర్మపు బాధ పూర్తిగా బయటపడకపోవడానికి కారణం ఇదే. ఐదు వారాల పాటు 25 సిట్టింగులు తీసుకొనేవారికి చివరి వారంలోనే ఎక్కువ కమిలి, ముగిసిన తరువాత వారం రోజులకు పరాకాష్ఠకు చేరుతుంది.

చివర్లో ఆపరేషన్ మచ్చ చుట్టూ మాత్రమే ఇచ్చే అదనపు సిట్టింగులను "బూస్ట్" అంటారు. ఆ రోజుల్లో మిగిలిన రొమ్ముకు పూర్తి మోతాదు పడదు కాబట్టి ఒక పక్క మానడం మొదలై, మచ్చ దగ్గర మాత్రం ఇంకా నల్లబడుతూ ఉండవచ్చు. దానికి కంగారుపడనక్కరలేదు. రొమ్ము మొత్తం తీసివేసినవారికి కొన్నిసార్లు ఛాతీ చర్మంపై మైనంలాంటి మెత్తని పలక పెట్టి కరెంటు ఇస్తారు. దానిని బోలస్ అంటారు. చర్మానికే ఎక్కువ మోతాదు అందాలన్నది దాని ఉద్దేశం గనుక అటువంటివారికి చర్మం మరింత కమలడం సహజం. రొమ్ము పెద్దదిగా ఉన్నవారికి, లావుగా ఉన్నవారికి, పొగ తాగే అలవాటున్నవారికి కూడా బాధ ఎక్కువగా ఉంటుంది. మధుమేహం ఉన్నవారు ఈ వారాల్లో చక్కెరను అదుపులో ఉంచుకోవడం పుండు మానడానికి ఎంతో అవసరం.

చర్మం కమిలిందని తనంతట తానే సిట్టింగులు మానుకోవడం పెద్ద పొరపాటు. మధ్యలో విరామం వస్తే చికిత్స బలం తగ్గుతుంది. నిజంగా ఆపవలసినంత తీవ్రంగా ఉంటే ఆ నిర్ణయం డాక్టరు తీసుకొంటారు. ఆయన తీసుకోవాలంటే ముందు ఆయనకు చూపించాలి. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన ఆడవాళ్లు వారానికొకసారి జరిగే పరీక్షలో "ఎలా ఉందమ్మా?" అని డాక్టరు అడిగితే పమిట కూడా తీయకుండా "బాగానే ఉందండీ" అని లేచి వచ్చేస్తారు. సిగ్గు అర్థం చేసుకోదగినదే. అయితే మడతలో రసి కారుతున్న సంగతి మాటల్లో బయటపడదు. మగ డాక్టరుకు చూపడం ఇబ్బందిగా ఉంటే నర్సును పక్కన ఉండమని గాని, మహిళా డాక్టరు చూస్తే బాగుంటుందని గాని నిస్సంకోచంగా అడగవచ్చు.

మన రంగు చర్మంపై ఏం వెతకాలి

పుస్తకాల్లో, కరపత్రాల్లో "చర్మం ఎర్రబడుతుంది" అని రాసి ఉంటుంది. చామనఛాయ, నలుపు చర్మంపై ఎరుపు తేలికగా కనబడదు. ఎరుపు లేదు కదా అని ధైర్యంగా ఉంటే ఒకనాడు చర్మం ఊడే దాకా తెలియదు. కాబట్టి చర్మం ముదురు గోధుమ రంగులోకి గాని, నేరేడు రంగులోకి గాని మారడం, బిగుసుకొన్నట్టు మెరవడం, అరచేతి వెనుక వైపుతో తాకితే రెండో రొమ్ముకంటె వేడిగా ఉండడం, చమురు పీల్చేసినట్టు పొట్టు లేవడం గమనించాలి. చనుమొన చుట్టూ ఉండే నల్లని భాగం మరింత నల్లబడి పెచ్చులుగా రాలుతుంది. చంక, మెడ కింద కాలరు ఎముక దగ్గర, రొమ్ము కింది మడత, ఈ మూడు చోట్లే ముందుగా కములుతాయి.

మడత లోపల తన కంటికి తనకు కనబడదు. చేతి అద్దం కింద పట్టుకొని గాని, ఇంట్లో నమ్మకమైన మనిషి సాయంతో గాని పగటి వెలుతురులో రోజుకొకసారి చూడాలి. వీలైతే ఒకే సమయంలో, ఒకే చోట నిలబడి ఫోనులో ఫోటో తీసి దాచుకోవాలి. చివరి సిట్టింగు నాటి ఫోటో, ఆరో రోజు ఫోటో పక్కపక్కన చూపిస్తే ఫోనులో మాట్లాడే డాక్టరుకు కూడా సంగతి వెంటనే అర్థమవుతుంది.

స్నానం

రేడియేషన్ జరిగేటప్పుడు ఆ చోట నీళ్లు తగలకూడదని ఇప్పటికీ కొందరు చెబుతారు. అది పాతకాలపు మాట. గోరువెచ్చని నీళ్లతో, వాసన లేని తేలికపాటి సబ్బుతో రోజూ కడుక్కోవడం వల్ల హాని లేదు. చెమట, పేరుకొన్న క్రీము పోవడం వల్ల మేలే. సబ్బును అరచేతిలో నురగ చేసి చేత్తోనే మెల్లగా రాయాలి. పీచు, సున్నిపిండి, నలుగు ఏవీ ఆ చోట వాడకూడదు. చికిత్స పూర్తయ్యేవరకు టెక్నీషియన్లు గీసిన సిరా గుర్తులు చెరగకుండా చూసుకోవాలి. చెరిగితే సొంతంగా పెన్నుతో దిద్దుకోకుండా వారికే చెప్పాలి.

విజయవాడ ఎండాకాలంలో ఇంకొక చిక్కు ఉంది. మిద్దె మీది ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికే కాగిపోయి, కుళాయి తిప్పితే వేణ్నీళ్లు వస్తాయి. కమిలిన చర్మానికి ఆ వేడి పనికిరాదు. మేము తెల్లవారుజామునే రెండు బకెట్లు పట్టి నీడలో ఉంచేవాళ్లం. సాయంత్రపు స్నానానికి అవే వాడుకొనేది మా వదిన. స్నానం తరువాత తుడవకూడదు. మెత్తని పాత నూలు గుడ్డతో అద్దాలి. మడతలో తడి మిగిలితే ఫ్యాను కింద ఆ చేయి పైకెత్తి కాసేపు పడుకొంటే ఆరుతుంది. కృష్ణలో స్నానం, కార్తీక స్నానం, పుష్కర స్నానం వంటివి చర్మం పూర్తిగా మానేదాకా వాయిదా వేసుకోవాలి. చర్మం చిట్లిన చోట నది నీళ్లు, ఈత కొలను నీళ్లు రెండూ మంచివి కావు.

జాకెట్టే అన్నిటికంటె ముఖ్యం

పూతల గురించి అందరూ అడుగుతారు గాని, ఒరిపిడి చేసే హాని గురించి ఎవరూ పట్టించుకోరు. నేను చూసినంతలో మా వదిన చర్మం ఊడిన చోటు సరిగ్గా జాకెట్ కింది పట్టీ కూర్చొనే చోటే. మన జాకెట్లు చంక దగ్గర, రొమ్ము కింద బిగువుగా కుడతారు. లోపల లైనింగు అంచు, ఓవర్‌లాక్ కుట్టు, హుక్కుల పట్టీ నేరుగా చర్మానికి తగులుతాయి. చెమటకు తడిసి ఆరిన కుట్టు ఆకురాయిలా పనిచేస్తుంది.

చివరి వారం రాకముందే మూడు పాత జాకెట్లు తీసుకొని పక్క కుట్లు విప్పి, లోపల వదిలిన గుడ్డంతా వదులు చేసి మళ్లీ కుట్టించాలి. దర్జీ పది నిమిషాల్లో చేసి ఇస్తాడు. ఇంట్లో ఉన్నప్పుడు జాకెట్, లోదుస్తు రెండూ మానేసి, వదులైన నూలు నైటీ గాని, మగవారి చేతుల్లేని పాత బనీను తిరగేసి గాని వేసుకోవడం ఇంకా మంచిది. బనీను తిరగేస్తే కుట్లు పైకి వస్తాయి, నునుపైన వైపు చర్మానికి తగులుతుంది. తీగ ఉన్న బ్రా ఈ రోజుల్లో పూర్తిగా మానాలి. రొమ్ము బరువుకు ఆధారం లేకపోతే నొప్పి వస్తుందనుకొనేవారు ఒక సైజు పెద్దదైన, తీగ లేని నూలు బ్రా వేసుకోవచ్చు. మంగళగిరి నూలు గుడ్డ మంచిదని చాలామంది కొత్త నైటీ కొంటారు. కొత్తదానికి గంజి ఉంటుంది గనుక రెండు మూడుసార్లు ఉతికాకే తొడగాలి. సిల్కు, జరీ అంచు, నైలాను, పాలిస్టరు వద్దు. సిట్టింగుకు వెళ్లే రోజున ముందు వైపు తెరుచుకొనే దుస్తు వేసుకొంటే చేతులు పైకెత్తి విప్పే బాధ ఉండదు.

రొమ్ము కింది మడతలో చర్మం చర్మానికి తగలకుండా మెత్తని పాత ధోవతి గుడ్డను నాలుగు మడతలు చేసి పెట్టుకోవాలి. తడిసిన వెంటనే మార్చాలి. అందుకు పన్నెండు ముక్కలు చించి, ఉతికి, ఎండలో ఆరబెట్టి ఒక డబ్బాలో ఉంచాం. రోజుకు మూడు నాలుగుసార్లు, పావుగంట చొప్పున ఏ గుడ్డా లేకుండా గాలి తగలనివ్వడం కూడా ఎంతో ఉపశమనం ఇస్తుంది. ఉమ్మడి కుటుంబంలో ఇది కుదరదని ఊరుకోవద్దు. ఆ వేళకు ఒక గది తలుపు వేసి ఉంచడం ఇంట్లో అందరి బాధ్యత. పడుకొనేటప్పుడు వెల్లకిలా గాని, రెండో వైపు తిరిగి కమిలిన వైపు చేతి కింద దిండు పెట్టుకొని గాని పడుకోవాలి. మంగళసూత్రం, గొలుసు కమిలిన చోట ఒరుసుకొంటూ ఉంటే దారాన్ని పొడుగు చేయడమో, కొన్నాళ్లు తీసి దాచుకోవడమో చేయాలి.

పూతలు

చర్మం ఊడకుండా ఉన్నంతవరకు రోజుకు రెండు మూడుసార్లు వాసన లేని మాయిశ్చరైజింగ్ క్రీము పలుచగా రాస్తే చాలు. సిట్టింగుకు ముందు మందంగా పూయకూడదు. మందపు పొర బోలస్‌లాగా పనిచేసి చర్మానికి మోతాదు పెంచవచ్చు. పలుచగా రాసి ఇంకిపోయిన క్రీముతో అంత ప్రమాదం లేదు. అయినా ఎన్ని గంటల ముందు ఆపాలో మీ ఆసుపత్రిలో చెప్పిన పద్ధతినే పాటించండి.

మొమెటసోన్ అనే స్టెరాయిడ్ క్రీము ముందునుంచీ రాస్తే దురద, మంట, తీవ్రంగా కమలడం తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. డాక్టరు రాస్తేనే, చెప్పినన్ని రోజులే, ఊడని చర్మంపైనే వాడాలి. మందుల దుకాణంలో "దురదకు ఏదైనా ఇవ్వండి" అని అడిగితే స్టెరాయిడ్, బూజు (ఫంగస్) మందు, యాంటీబయాటిక్ కలిపిన ట్యూబు చేతిలో పెట్టే అలవాటు మన ఊళ్లలో ఉంది. అది మాత్రం కొనవద్దు. మడతలో చెమట వల్ల బూజు జబ్బు కూడా రావచ్చు. కమిలిన మేర అంచు దాటి చిన్న చిన్న పొక్కులు చెదురుగా కనబడి విపరీతమైన దురద ఉంటే డాక్టరు చూసి దానికి వేరే మందు ఇవ్వవలసి ఉంటుంది.

పసుపు, గంధం, వేపాకు ముద్ద, వెన్న, తేనె, కలబంద గుజ్జు, టూత్‌పేస్టు, ఇవన్నీ ప్రేమతోనే చెబుతారు. చెప్పినవారిని నొప్పించనక్కరలేదు, రాయనూ అక్కరలేదు. నూరిన ముద్దలు ఆరి, బిగిసి, తీసేటప్పుడు చర్మాన్ని లాగుతాయి. ఇంట్లో నూరినవాటిలో క్రిములుండవని చెప్పలేము. పసుపు రంగు అంటితే చర్మం అసలు రంగు డాక్టరుకు కనబడదు కూడా. పౌడరు మడతలో ఉండ కట్టి ఒరిపిడి పెంచుతుంది. ఐసు ముక్క, వేణ్నీళ్ల సంచి, ఉప్పు మూట కాపడం, మూడూ నిషిద్ధమే; అసలే దెబ్బతిన్న చర్మం చలికీ, వేడికీ తట్టుకోలేదు. చంకలో రేజరు, వాక్సింగ్, వెంట్రుకలు తొలగించే క్రీము వాడకూడదు. కమిలిన చోట ప్లాస్టరు అతికించకూడదు. తీసేటప్పుడు చర్మం దానితోపాటే వస్తుంది.

దురద నిద్ర పట్టనివ్వకపోతే గోళ్లతో గోకకుండా, పైన గుడ్డ ఉంచి అరచేత్తో మెల్లగా తట్టాలి. గోళ్లు కత్తిరించుకోవాలి. రాత్రికి దురద మాత్ర కావాలేమో డాక్టరును అడగాలి.

రసి కారడం మొదలైతే

ఇదే అందరూ భయపడే దశ. పై పొర ఊడి, కింద తడిగా, గులాబీ రంగులో కనబడుతూ, లేత పసుపు రంగు రసి ఊరుతుంది. దానంతట అది చీము కాదు. సరిగా చూసుకొంటే చాలామందికి నాలుగు వారాల లోపలే మానుతుంది; కొందరికి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. మొదటి పని ఆసుపత్రికి ఫోను చేసి చెప్పడం, వీలైతే అదే రోజు గాని, మరునాడు గాని వెళ్లి చూపించడం.

కట్టు విప్పేటప్పుడు, అంటుకొన్న గుడ్డ తీసేటప్పుడు ఎట్టి పరిస్థితిలోనూ లాగకూడదు. మందుల దుకాణంలో దొరికే స్టెరైల్ సెలైన్ సీసా విప్పి, ఆ గుడ్డపై ధారగా పోసి, ఐదు నుంచి పది నిమిషాలు నాననివ్వాలి. అంచు నుంచి లోపలికి, చర్మానికి దగ్గరగా వేళ్లతో నొక్కి పట్టుకొంటూ, గుడ్డను మెల్లగా మడుస్తూ పోతే అదే వదులుతుంది. వదలకపోతే మళ్లీ పోయాలి. మొదటి రోజు మా వదిన ఒక్క క్షణంలో లాగిన దానికి రెండో రోజు ఇరవై నిమిషాలు పట్టింది. అయితే ఆ రోజు ఒక చుక్క నెత్తురు కూడా రాలేదు.

చేతులు సబ్బుతో కడుక్కొన్నాకే పుండును ముట్టుకోవాలి. సెలైన్‌తో కడిగిన తరువాత దూది పెట్టకూడదు. దూది పోగులు తడికి అంటుకొని ఉండిపోతాయి. నర్సు చూపించిన విధంగా పారఫిన్ పూసిన జాలి గుడ్డ గాని, సిలికాన్ పొర ఉన్న అంటుకోని కట్టు గాని పెట్టి, దానిపై మెత్తని గాజు గుడ్డ ఉంచి, ప్లాస్టరుకు బదులు వదులైన బనీనుతో నిలబెట్టాలి. ఇంకా సిట్టింగులు మిగిలి ఉంటే కట్టు తీసి వెళ్లాలో, ఉంచి వెళ్లాలో ముందే అడగాలి. వెండి కలిసిన మందులు, కట్లు సిట్టింగుకు ముందు తీసివేయవలసి ఉంటుంది. కాలిన గాయాలకు వాడే సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీమును డాక్టర్లు తరచు రాస్తారు. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందుగానే చెప్పాలి. ఇంట్లో మిగిలిన ట్యూబు ఉంది కదా అని సొంతంగా రాయవద్దు.

నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చునా, ఎన్ని వేసుకోవచ్చు అన్నది డాక్టరును అడగాలి. వేసుకొనే ముందు ప్రతిసారీ థర్మామీటరు పెట్టి చూడాలి. ఎందుకంటే ఆ మాత్ర జ్వరాన్ని కూడా తగ్గించి, లోపలి సూక్ష్మజీవుల జబ్బును కొన్ని గంటల పాటు దాచిపెడుతుంది.

ఎండ, వంటిల్లు, మిరపకాయలు

సొంత ఊళ్ల నుంచి వచ్చేవారు విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండులో దిగి, ఆటోలో ఎండవైపు కూర్చొని ఆసుపత్రికి చేరతారు. మెడ కింద కమిలిన చోట పది నిమిషాల ఎండ కూడా మంట రేపుతుంది. నూలు చున్నీ గాని, పమిట గాని మెడ చుట్టూ వదులుగా కప్పుకొని, నీడ వైపు కూర్చోవాలి. వీలైతే ఉదయపు సమయం ఇమ్మని ఆసుపత్రిలో అడగాలి, చాలాచోట్ల కాదనరు. బస్సులో నిలబడి పైన కడ్డీ పట్టుకొంటే చంక చర్మం సాగి చిట్లవచ్చు.

పొయ్యి సెగ దగ్గర ఎక్కువసేపు నిలబడే పని ఈ నెల రోజులు ఇంట్లో ఇంకొకరు చూడాలి. గుంటూరు ప్రాంతపు ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసినది మిరపకాయల గురించి. మిరప తొడిమలు తీసే పనికి, కారం పట్టించడానికి, ఆవకాయ కలపడానికి ఈ సమయంలో కూర్చోవద్దు. చేతులు ఎంత కడిగినా గోళ్ల సందుల్లో ఘాటు మిగిలి ఉంటుంది. ఆ చేతితో దురద వచ్చిన చోట ఒక్కసారి తాకితే చాలు. గాలిలో లేచిన కారపు దుమ్ము చెమట పట్టిన మెడపై కూర్చొన్నా అంతే. కూలి పోతుందన్న బాధ నిజమైనదే. ఆ మూడు నాలుగు వారాలకు వేరే పని చూపించమని మేస్త్రీని ముందుగానే అడిగిపెట్టుకోవడం మంచిది.

పథ్యం

పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు తింటే వేడి చేస్తుందని, వంకాయ, గోంగూర దురద పెంచుతాయని మన ఇళ్లలో పథ్యం పెడతారు. చర్మం మళ్లీ పుట్టాలంటే శరీరానికి మాంసకృత్తులే కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, కోడికూర, వేరుశనగ, తినేవారు తినగలిగినంత తినాలి. చారూ అన్నం, మజ్జిగ అన్నంతో నెల గడిపితే పుండు మానడం ఆలస్యమవుతుంది, నీరసమూ పెరుగుతుంది. ఏదైనా కూర తిన్న ప్రతిసారీ నిజంగా దురద వస్తున్నదని గమనించినవారు ఆ ఒక్కటి మానుకొంటే సరిపోతుంది. నీళ్లు, కొబ్బరి నీళ్లు, పలుచని మజ్జిగ ఎండాకాలంలో ఎక్కువగా తాగాలి.

బయటి నుంచి యంత్రంతో ఇచ్చే ఈ కరెంటు శరీరంలో నిలవ ఉండదు. పసిపిల్లలను ఎత్తుకోవచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు. కమిలిన చోట పిల్లల చేయి, కాలు తగలకుండా చూసుకొంటే చాలు.

ఎప్పుడు ఆగకుండా వెళ్లాలి

జ్వరం 100.4 డిగ్రీలు గాని, అంతకు మించి గాని ఉన్నా, చలితో వణుకు వచ్చినా, రసి చిక్కబడి ఆకుపచ్చగా మారినా, దుర్వాసన వచ్చినా, కమిలిన అంచు గంటగంటకూ వ్యాపిస్తున్నా, నెత్తురు ఆగకపోయినా, నొప్పి మాత్రకు తగ్గకుండా నిద్ర పట్టకపోయినా, ఆ వైపు చేయి ఉన్నట్టుండి వాచినా అపాయింట్‌మెంట్ తేదీ కోసం చూడకుండా వెళ్లాలి. ఈ మధ్యనే కీమో తీసుకొన్నవారికి జ్వరం మరింత ప్రమాదకరం, అర్ధరాత్రయినా ఆగకూడదు.

అందుకే చివరి సిట్టింగు రోజున ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందు ఈ సంగతులు అడిగి కాగితంపై రాయించుకోవాలి: రాబోయే రెండు వారాల్లో చర్మం ఊడితే ఏ నంబరుకు ఫోను చేయాలి, ఆదివారమైతే ఎవరుంటారు, కట్టు సామాను ఏది కొనాలి, ఎన్ని రోజులకు మార్చాలి, క్రీము ఎప్పటిదాకా రాయాలి. ఆరు వారాలకు రమ్మంటే, చర్మం చూపించడానికి పది రోజులకే ఒకసారి రావచ్చునా అని అడగాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స జరిగినవారు తరువాతి రాకపోకలకు ఏ కాగితాలు కావాలో ఆ కౌంటరులో కూడా అదే రోజు కనుక్కోవాలి. సొంత ఊరికి వెళ్లిపోయేవారు దగ్గరి పట్టణంలో కట్టు మార్చగల నర్సు ఎవరున్నారో ముందే చూసిపెట్టుకొంటే మంచిది.

మానిన తరువాత

మానిన చోట కొత్త చర్మం ముందు లేత గులాబీ రంగులో మచ్చలు మచ్చలుగా కనబడుతుంది. రంగు చుట్టుపక్కలతో కలవడానికి నెలలు పడుతుంది. ముదురు నలుపు కూడా నెలల మీదనే తగ్గుతుంది, కొందరికి కొంత ఛాయ ఉండిపోతుంది. చంకలో వెంట్రుకలు, చెమట తగ్గిపోవచ్చు. ఆ చర్మాన్ని కనీసం సంవత్సరం పాటు ఎండ నుంచి కప్పి ఉంచాలి. పూర్తిగా మానాక ఎస్‌పీఎఫ్ 30 గాని, అంతకు మించిన సన్‌స్క్రీన్ గాని మెడ భాగానికి రాసుకోవచ్చు. క్రీము రాయడం పొట్టు ఆగిన తరువాత కూడా కొన్ని వారాలు కొనసాగించాలి. భుజం వ్యాయామాలు రసి కారిన రోజుల్లో తగ్గించినా, మానగానే మళ్లీ మొదలుపెట్టాలి. లేకపోతే చేయి పైకి లేవకుండా బిగుసుకుపోతుంది. కొన్ని నెలల తరువాత వేరే కీమో మందు మొదలుపెట్టినప్పుడు పాత చోటే మళ్లీ ఎర్రబడి మంట పుట్టవచ్చు. అది అరుదు, కాని అలా జరిగితే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

రొమ్ములో వాపు, బరువు కొన్ని నెలల వరకు ఉంటాయి. కొత్త జాకెట్లకు కొలతలు ఇప్పుడే ఇవ్వవద్దు. మా వదిన దసరాకు గుడ్డ కొనిపెట్టుకొంది గాని సంక్రాంతి ముందు గాని కుట్టించలేదు. అప్పుడు కూడా దర్జీతో చెప్పి ఆ వైపు చంక కింద రెండంగుళాల గుడ్డ లోపల వదిలించుకొని, పట్టీ అంచుకు మల్లు గుడ్డ వేయించుకొంది.